రఫ్ అంటూ ఏమీ లేదు

నేను ఒక రఫ్ పుస్తకాన్ని. కానీ పుస్తకంగా పుట్టలేదు. మూడు పాత నోటు పుస్తకాల్లో రాయకుండా వదిలేసిన కాగితాలను చించి, దబ్బనంతో పొడిచి, వలలు అల్లే నైలాన్ దారంతో కుడితే నేనయ్యాను. నా మొదటి భాగానికి ఒంటి గీతలు. ఇంటర్మీడియట్ సగంలో మానేసినవాడి తెలుగు నోట్సులో మిగులు అది. నడిమి భాగానికి గీతల్లేవు. అది ఒక పదో తరగతి లెక్కల పుస్తకం. చివరి భాగానికి నాలుగేసి గీతలు, చిన్నపిల్ల కాపీ రైటింగు పుస్తకం. అట్ట చీరల డబ్బా నుంచి కత్తిరించింది.

మనుషుల గురించి నాకు మొదట తెలిసింది వాళ్లు వదిలేసిన కాగితాల వల్లనే. జూన్‌లో కొత్త పుస్తకం తెస్తారు. మొదటి పేజీలో పసుపు పెడతారు, పేరు రెండు రంగుల్లో రాస్తారు, మార్జిన్ స్కేలుతో కొడతారు. పదో పేజీకి అక్షరం వాలుతుంది. దసరాకల్లా పుస్తకం అటక మీదికి పోతుంది. నేను పుట్టింది ఎవరి శ్రద్ధ నుంచీ కాదు, ముగ్గురి బద్ధకం నుంచి.

నన్ను కుట్టిన పిల్ల మానికల పెంచలమ్మ. సముద్రానికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న పట్నంలో, సర్కారు డిగ్రీ కాలేజీలో బీఎస్సీ రెండో ఏడు. యానాదుల కాలనీ నుంచి డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి. తల్లి, అన్న రొయ్యల గుంటల మీద కూలికి పోతారు. ఆ గుంటలు కాలనీ చుట్టూ మూడు వైపులా ఉన్నాయి.

ఆ ఏడాది నగరంలోని ఒక పెద్ద పరిశోధన సంస్థ, వెనకబడిన వర్గాల నుంచి నలభై మంది డిగ్రీ పిల్లలను ఏరుకుంది. శనివారం శనివారం నాలుగు గంటలకు తెర మీద వాళ్లకు పరిశోధన నేర్పుతుంది. ఆరు నెలలయ్యాక ఆ నలభై మందిలో ఐదుగురిని ఎంచి సంస్థకే పిలిపించి, రెండు నెలలు అసలు లాబులో పని చేయనిస్తుంది. ఆ ఐదుగురికీ ఎమ్మెస్సీకి దారి తెరుచుకున్నట్టే. మిగిలిన ముప్పై ఐదు మందికి ఒక కాగితం ఇస్తారు.

పెంచలమ్మ ఇంట్లో మాట అయిపోయింది. ఆ ఐదుగురిలో ఉంటే పై చదువు. లేకపోతే డిగ్రీ అయిన మర్నాడు గుంటల మీద పనికి. తల్లి ఆ మాట కోపంగా అనలేదు. పొయ్యి ఊదుతూ అన్నది. ఇంట్లో మార్చలేని మాటలన్నీ అట్లాగే వస్తాయి.

తెర మీద కనిపించే గురువు డాక్టర్ మృణాళిని. నెమ్మదైన గొంతు, వెనక పుస్తకాల గోడ. మొదటి శనివారం ఒక్కొక్కరినీ మీ ప్రశ్న ఏమిటని అడిగింది. చాలామంది పాఠ్యపుస్తకంలోని శీర్షికలు అప్పజెప్పారు. పెంచలమ్మ వంతు వచ్చింది. కాలేజీ రసాయనశాలలో కంప్యూటరు ముందు, రెండు చేతులూ బల్ల కింద పెట్టుకుని కూర్చుంది.

"గుంటలు తవ్వకముందు మా పంపు నీళ్లు తాగేవోళ్లం మేడం. ఇప్పుడు టీ పెడితే పాలు విరిగిపోతుండాయి. ఆ ఉప్పు గుంట కాడ్నించి ఎంత దూరం పోతాదో తెలుసుకోవాల."

తెరలో మృణాళిని ఆ ప్రశ్నను కాగితం మీద రాసుకుంది. తర్వాత, పదిహేనేళ్లలో ఇంత మంచి ప్రశ్న ఏ విద్యార్థీ అడగలేదని చెప్పింది. ఆ మాట ఆమె మనసారా అన్నదేనని నేను నమ్ముతాను. మనుషులు మనసారా అన్నవాటి వల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది. ఉత్తి మాటలను ఎవరూ నమ్ముకోరు కదా.

చూసింది చూసినట్టు రాయమని, తప్పు జరిగితే తప్పు కూడా రాయమని ఆమె చెప్పింది. ఆ సాయంత్రమే పెంచలమ్మ నన్ను కుట్టింది.

తర్వాతి నాలుగు నెలలు నా జీవితంలో మంచి కాలం. గుంటల గట్టు నుంచి మొదలుపెట్టి ఊళ్లవైపు పోతూ ముప్పై ఎనిమిది పంపుల నీళ్లు పట్టింది. పారేసిన నీళ్ల సీసాలు ఏరి, కడిగి, వాటిలో తెచ్చేది. లాబు తలుపు తీసేది అటెండరు మస్తానయ్య. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. బ్యూరెట్ అనే పొడుగాటి గాజు గొట్టంలో సిల్వర్ నైట్రేటు పోసి, కింద పసుపు రసాయనం కలిపిన నీళ్లలోకి చుక్కచుక్కగా వదలాలి. పసుపు నీళ్లు ఇటుక రంగుకు తిరిగే చుక్క దగ్గర ఆపాలి. ఎన్ని మిల్లీలీటర్లు దిగితే అంత ఉప్పు. ఒక్కో పంపు నీటికి మూడుసార్లు చేసేది.

ఆ మందుకు ఒక గుణం ఉంది. చర్మం మీద పడితే వెంటనే ఏమీ కనపడదు. వెలుతురు తగిలాక నల్లబడుతుంది. వారం దాకా పోదు. పెంచలమ్మ కుడిచేతి మూడు వేళ్లు, గోళ్లతో సహా, ఆ నాలుగు నెలలూ నల్లగానే ఉన్నాయి. నా పేజీలు కూడా మచ్చలు పడ్డాయి. ఆ వేళ్లు ఎవరి కంటా పడకుండా దాచుకునేది. మురికి పిల్ల అంటారని చిన్నప్పటి నుంచీ ఆ భయం.

నాలో ఆమె ఏం రాసిందో చెబుతాను. పద్దెనిమిది పాయింట్ నాలుగు. పద్దెనిమిది పాయింట్ తొమ్మిది. పద్దెనిమిది పాయింట్ ఆరు. పక్కన "రెండోసారి ఒక చుక్క ఎక్కువ పడింది" అని. ఇంకో పేజీలో "పంపు కాడ బట్టలు ఉతుకుతుండారు, అరగంట ఆగి పట్టినా" అని. కొట్టివేతలు, బాణాలు, పెన్ను అయిపోతే పెన్సిలు. అందం ఏమీ లేదు. ఉన్నదంతా జరిగిందే.

కాలనీ పంపు నీళ్లు పెట్టిన రోజు గొట్టంలో మందు దిగుతూనే ఉంది. ముప్పై దాటింది, నలభై దాటింది, రంగు తిరగలేదు. యాభై దగ్గర గొట్టం ఖాళీ అయింది. మస్తానయ్య ముక్కు మీద వేలేసుకున్నాడు.

"నీళ్లు తెచ్చినావా మే, సముద్రాన్ని తెచ్చినావా?"

పెంచలమ్మ నవ్వలేదు. గొట్టం మళ్లీ నింపింది. ఇంకో పదకొండు దిగాక ఇటుక రంగు వచ్చింది. "50 అయిపోయింది. మళ్లీ నింపినా. ఇంకో 11.2. మొత్తం 61.2" అని నాలో రాసింది. రెండోసారి అరవై పాయింట్ ఆరు. మూడోసారి అరవై ఒకటి. రాశాక సీసాలో మిగిలిన నీళ్లు వెలుతురుకు పట్టి చూసింది. ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్ల.

ఐదో నెలలో మృణాళిని, నీ రీడింగులు రాసుకున్న పేజీలు ఫోటోలు తీసి పంపమన్నది. పెంచలమ్మ నన్ను తీసుకుని కోదండపాణి సారు దగ్గరికి పోయింది. ఆయన రసాయనశాస్త్రం లెక్చరరు, ఆ పథకానికి కాలేజీ తరఫున బాధ్యుడు. ఆయన నన్ను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు. చచ్చిన ఎలుకను తోక పట్టి ఎత్తినట్టు.

"పెళ్లిచూపులకు మాసిన చీర కట్టుకుని కూర్చుంటారా అమ్మాయ్? కాలేజీ పరువు పోతాది. ఫెయిర్ చేసి పంపు."

ఇక్కడ మీకొక ఆచారం చెప్పాలి. మన కాలేజీల్లో ప్రయోగం రఫ్‌లో రాస్తారు, తర్వాత రికార్డులోకి ఫెయిర్ చేస్తారు. రికార్డుకు గట్టి అట్ట, ముందు పేజీలో సంతకాలు. అందులో కొట్టివేత ఉండకూడదు. ఒకే నీటికి రెండు రీడింగులు ఒకటే రావాలి. రాకపోతే వచ్చినట్టు రాయాలి. రాలేదని రాసిన పిల్లలకు మార్కులు తగ్గుతాయి. కాబట్టి సీనియర్ల రికార్డులు చూసి జూనియర్లు రాస్తారు. ఆ లాబులో పన్నెండేళ్లుగా అవే అంకెలు. ఏ మందూ చెడిపోలేదు, ఏ చెయ్యీ వణకలేదు. దీన్ని మోసం అని అక్కడ ఎవరూ అనుకోరు. శుభ్రత అనుకుంటారు.

కోదండపాణి పక్కన కూర్చుని చెప్పాడు, పెంచలమ్మ రాసింది. మూడు రీడింగుల్లో మధ్యది తీసుకో, రెండుసార్లు రాయి. పద్దెనిమిది పాయింట్ ఆరు, పద్దెనిమిది పాయింట్ ఆరు. ముప్పై ఎనిమిది పంపులకూ అట్లాగే. రికార్డులో మూడే గడులు. మొదలు, చివర, తేడా. మళ్లీ నింపినట్టు రాయడానికి గడి లేదు. కాలనీ పంపుకు మొదలు సున్నా, చివర అరవై ఒకటి అని పడింది. గడి పక్కన రాయనా సార్ అని ఆమె అడిగింది. మార్జిన్‌లో రాతలేంది అని ఆయన విసుక్కున్నాడు. ఒక కప్పు టీ తాగేలోపు ముప్పై ఎనిమిది పేజీలకూ సంతకాలు పెట్టాడు. అంకె ఒక్కటీ చదవలేదు. యాభై గీతలున్న గొట్టంలో అరవై ఒకటి ఎట్లా చదువుతారని పాతికేళ్లు పాఠం చెప్పిన మనిషికి తట్టలేదు.

ఫోటోల్లో ఆ పేజీలు చదివిన మృణాళినికి తట్టింది. తర్వాతి శనివారం పాఠం అయ్యాక పెంచలమ్మను ఒక్కదాన్నీ ఉండమన్నది మృణాళిని. కోదండపాణి తానూ ఒక కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. నేను పెంచలమ్మ ఒళ్లో, సంచిలో ఉన్నాను.

మృణాళిని గొంతు పెంచలేదు. ముప్పై ఎనిమిది నీళ్లకూ రెండేసి రీడింగులు ఒక్క చుక్క తేడా లేకుండా ఎట్లా వచ్చాయని అడిగింది. పెంచలమ్మ సారు వైపు చూసింది. సారు తెర వైపు చూస్తున్నాడు.

"మీ బ్యూరెట్‌లో ఎంత పడుతుందమ్మా?"

"యాభై మేడం."

"అరవై ఒకటి ఎక్కడ చదివావు?"

పెంచలమ్మ నోరు తెరిచింది. మృణాళిని ఇంకో మాట కూడా అడిగింది. ఇది ఫెయిర్ కాపీలా ఉంది, దీనికి ముందు రఫ్‌గా రాసుకున్నది ఏమైనా ఉందా అని. ఎంత మంచి ప్రశ్న. నా కోసమే అడిగిన ప్రశ్న. సంచి బట్ట మీద పెంచలమ్మ వేళ్లు బిగిసినట్టు నాకు తెలిసింది.

జవాబు కోదండపాణి చెప్పాడు.

"రఫ్ అంటూ ఏమీ లేదు మేడం. మా పిల్లలు నేరుగా రికార్డులోనే రాస్తారు. అది మా క్రమశిక్షణ."

ఉందని చెబితే చూపించమంటుంది. చూపిస్తే అంకెలు మార్చింది ఎవరో బయటపడుతుంది. ఆయన భయం అది. పెంచలమ్మకూ ఒక భయం ఉంది. ఏప్రిల్‌లో ప్రాక్టికల్సుకు మార్కులు వేసేది ఆయనే. పక్కన సారు కూర్చుని ఉండగా సారు మాట తప్పని అనడం ఆమెకు ఏ క్లాసులోనూ ఎవరూ నేర్పలేదు. తల వంచుకుని కూర్చుంది. మృణాళిని కొంతసేపు ఎదురుచూసింది. నిజంగానే ఎదురుచూసింది, అది నేను ఒప్పుకోవాలి. తర్వాత సరే అన్నది.

పెంచలమ్మను నేను క్షమించలేదు. ఆమెకు ఎన్ని కారణాలైనా ఉండనీయండి. నేను ఒళ్లోనే ఉన్నాను. తీసి చూపిస్తే చాలు. ఒక్క నిమిషం.

నాలుగు రోజులు కాలేజీకి రాలేదు. ఐదో రోజు మధ్యాహ్నం, కోదండపాణి భోజనానికి పోయిన వేళ చూసి, లాబులోకి వచ్చి తన ఫోన్లోంచి మృణాళినికి వీడియో కాల్ చేసింది. మస్తానయ్య తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆమె జరిగిందంతా చెప్పింది. సారు మధ్య అంకెలు రాయమన్న సంగతి, గొట్టం మళ్లీ నింపిన సంగతి. నన్ను ఫోను ముందు పెట్టి ఒక్కో పేజీ తిప్పింది.

మృణాళిని ఓపికగా చూసింది. చూసేకొద్దీ ఆమె ముఖం మారింది.

"ఈ పేజీలు వేరే వేరే పుస్తకాలవి కదా?"

"అవును మేడం. మిగిలినవి చించి కుట్టుకున్నా."

"పేజీలకు నంబర్లు లేవు. తేదీలు కొన్నిటికే ఉన్నాయి. ఆ మరకలేంటి, టీ పడిందా?"

"టీ కాదు మేడం. మందు."

తెర మీద వెండి మరకకూ టీ మరకకూ తేడా ఉండదు. ఫోను కెమెరాకు వాసన లేదు, రుచి లేదు. ఆ రోజు కూడా పెంచలమ్మ చున్నీ అంచును వేళ్లకు చుట్టుకునే నా పేజీలు తిప్పింది. నల్లబడ్డ ఆ మూడు వేళ్లు చూపిస్తే రసాయనం చదివిన మనిషికి ఇంకేమీ చెప్పక్కర్లేదు. వాటినే దాచింది.

మృణాళిని తన కష్టం చెప్పుకుంది. పరిశోధన పుస్తకం ఒకే కుట్టుతో ఉండాలి, పేజీలకు వరుస నంబర్లుండాలి, మధ్యలో ఏదీ చేర్చే వీలుండకూడదు అన్నది. ఆ నియమాలు రాసినవాళ్లు కొత్త పుస్తకం కొనుక్కోగలిగినవాళ్లు. పైగా మొన్న సారు రఫ్ లేదన్నారు, నువ్వు కాదనలేదు, ఇప్పుడు ఐదు రోజుల తర్వాత కుట్టిన పుస్తకం ఒకటి చూపిస్తున్నావు, ఎంపిక కమిటీకి నేనేం చెప్పను అని అడిగింది.

"నువ్వు అబద్ధం చెబుతున్నావని నేననడం లేదు పెంచలమ్మా. నమ్మడానికి నా దగ్గర ఆధారం లేదంటున్నా."

పెంచలమ్మ గొంతు మొదటిసారి గట్టిగా వచ్చింది. "ఒక్కసారి మీరే వచ్చి మా పంపు నీళ్లు నోట్లో పోసుకోండి మేడం. గొట్టాలూ వద్దు, పుస్తకాలూ వద్దు."

"ఈ పథకంలో ప్రయాణం లేదమ్మా," అన్నది మృణాళిని.

ఆమె చెడ్డ మనిషి కాదు. ఆ మాట చెప్పేటప్పుడు కళ్లు దించుకుంది. నాకు అది చాలదు. పెంచలమ్మ నాలుగు నెలలు ముప్పై ఎనిమిది పంపుల దగ్గరికి నడిచింది. మృణాళిని ఒక్క పంపు దగ్గరికి రాలేకపోయింది.

ఐదుగురి జాబితా వచ్చింది. అందులో పెంచలమ్మ పేరు లేదు. మిగిలిన ముప్పై ఐదు మందిలో ఒకరిగా ఆమెకూ విజయవంతంగా పాల్గొన్నట్టు ఒక కాగితం వచ్చింది. కోదండపాణి దాన్ని నోటీసు బోర్డుకు అంటించి, ప్రిన్సిపాలును పక్కన నిలబెట్టి ఫోటో తీయించుకున్నాడు. పెంచలమ్మను ఫోటోకు పిలిచారు. రాలేదు. ఆమె లేకుండానే దిగారు.

మరుసటి ఏడాది కాలేజీకి తనిఖీ బృందం వచ్చింది. విద్యార్థుల పరిశోధన ఏదైనా చూపించమన్నారు. పెంచలమ్మ ఫెయిర్ రికార్డును గాజు అలమరలో, నీలం వెల్వెట్టు గుడ్డ మీద పెట్టారు. బృందంలో ఒకాయన తిరగేసి చేతిరాత ముత్యాల్లా ఉందని మెచ్చుకున్నాడు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. రికార్డు రాస్తే ఇట్లా రాయాలని కోదండపాణి కొత్త పిల్లలకు చూపిస్తాడు. పిల్లలు చూసి రాసుకుంటారు.

నేను లాబు బల్ల మీదే ఉండిపోయాను. ఆ మధ్యాహ్నం పెంచలమ్మ నన్ను మళ్లీ సంచిలో పెట్టుకోలేదు. బృందం వచ్చే ముందు గదులు శుభ్రం చేస్తూ మస్తానయ్య నన్ను పాత కాగితాల గోనెలో వేశాడు. గోనెను మూలగదిలో పెట్టారు. పాతసామాన్ల వాడు వస్తాడని అప్పట్నుంచీ అంటున్నారు. వాడూ రాలేదు.

మొన్న జూన్‌లో పెంచలమ్మ వచ్చింది. డిగ్రీ అయిపోయింది, టీసీ తీసుకుపోవడానికి. ఆఫీసులో క్లర్కు భోజనానికి లేచాడు. మూలగది గడప మీద కూర్చుంది. మస్తానయ్య పలకరించాడు.

"యాడుండావు మే ఇప్పుడు?"

"యాడుంటా మామా. గుంటల కాడే. లాబు పెట్టినారు. నీళ్లు నేనే చూస్తుండా."

"ఉప్పేనా?"

"ఉప్పే. రోజుకి మూడుసార్లు. గుంటకొక రీడింగు."

మస్తానయ్య గోనెలోంచి నన్ను వెతికి తీశాడు. ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వేళ్లు ఇప్పుడు శుభ్రంగా ఉన్నాయి. మీటరనే పరికరాన్ని నీళ్లలో ముంచితే అదే అంకె చూపిస్తుందట. పేజీలు తిప్పి కాలనీ పంపు దగ్గర ఆగింది. అరవై ఒకటి మీద బొటనవేలు పెట్టుకుని, ఆ అంకె చదవకుండా బయటికి చూస్తూ కూర్చుంది.

"ఆడ గూడా రెండుసార్లు ఒకటే అంకె రాయమంటారా?" అని అడిగాడు మస్తానయ్య. ఎగతాళికే అడిగాడు. కానీ ఆమె నిజంగానే జవాబు చెప్పింది.

"లేదు మామా. ఎంతొస్తే అంతే రాయమంటారు. తప్పు రాస్తే రొయ్యలు చస్తాయి గదా."

క్లర్కు వచ్చి పిలిచాడు. ఆమె నన్ను గోనె మీద పెట్టి లేచింది. తీసుకుపొమ్మని మస్తానయ్య అంటే, ఏం చేసుకోను మామా అన్నది. టీసీ తీసుకుని, మూడు గంటల రీడింగుకు టైమైందని త్వరత్వరగా వెళ్లిపోయింది.

ఆ గుంటల మీద ఆమె మాటకు విలువ ఉందని తర్వాత మస్తానయ్య ఎవరికో చెబుతుంటే విన్నాను. ఉప్పు ఎక్కువైందని ఆమె ఫోన్లో ఒక్క మాట చెబితే చాలట. రఫ్ ఏదని అడగరు, పేజీ నంబర్లు అడగరు. అప్పటికప్పుడు మోటారు వేసి, దూరపు బోరు నుంచి మంచినీళ్లు తెప్పించి వదులుతారట, రొయ్యలకు.